తొంభై ఎనిమిది మార్కుల సారు

సర్కారు దృష్టిలో ఇప్పుడు అజ్ఞానం ఒక్కటే అసలు జబ్బు. అందుకే తమ రోగం గురించి పరీక్ష పాసైనవాళ్లకే మందు. తప్పినవాళ్లకు చదువుకోమని ఒక పుస్తకం. బీడీలు చుట్టే పోశవ్వకు అక్షరం ముక్క రాదు. ఇప్పటికే రెండుసార్లు తప్పింది. ఇంట్లో ఇన్సులిన్ సీసా అడుగంటింది.

"ఇన్సులిన్ నిల్వకు అనువైన ఉష్ణోగ్రత శ్రేణిని పేర్కొనండి," అంది మందులిచ్చే యంత్రం.

"తడి ఇసుకల కుండ పెట్టి, కుండల సీస పెడ్త. ఎన్నడు కరాబ్ గాలె," అంది పోశవ్వ.

"తప్పు," అంది యంత్రం ఎంతో మర్యాదగా, మూడో పుస్తకం బయటికి తోస్తూ.

వెనకే ఉన్న రిటైర్డ్ తహసీల్దారు దామోదర్‌రావు తెర మీద టకటకా వేలు ఆడించాడు. తొంభై ఎనిమిది మార్కులు! యంత్రం చప్పట్లు కొట్టి మరీ సీసా ఇచ్చింది.

"ఎంత పొడుచుకున్నా షుగర్ దిగుతలేదు," అని ఆయన గొణిగాడు. "ఫ్రీజర్ల గడ్డకట్టేదాక భద్రంగ పెడ్తున్న గద!"

"గడ్డకడితె అది ఇగ పంజెయ్యది సారూ. పారేసుడే," అంది పోశవ్వ.

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. "నాకు తొంభై ఎనిమిది వచ్చినయమ్మా. నీకెన్ని?"

పోశవ్వ చేతిలోని పుస్తకం తిప్పి చూసింది. అట్ట మీద ఫ్రీజర్ బొమ్మ, దాని మీద ఎర్రటి ఇంటూ గుర్తు.

"నాకు సున్న సారూ. ఈ పుస్తకం నువ్వు తీస్కపొయి సదువుకో, ఆ సీస నాకియ్యి."