మంద ఆగిన చోటు

కాగితం మీద ఏడో రాత్రి ఎదుట మళ్లీ ఖాళీయే మిగిలింది.

దశరథం బడిపంతులు. జానయ్యది సైకిల్ షాపు. ఇద్దరూ అప్పటిదాకా సముద్రం చూసినవాళ్లు కారు. ఈ ఎండాకాలం సెలవుల్లో మోత్కూర్ నుంచి సైకిళ్ల మీద బందరు దాకా పోవాలని, అక్కణ్ణుంచి ఒడ్డు వెంట మూడు రాత్రులు గడపాలని అనుకున్నారు. ఖాకీ గుడ్డతో డేరా కూడా కుట్టించారు.

అడ్డం పడింది దశరథం తల్లి రామమ్మ.

"ఏ రాత్రి యాడ పంటవో రాసియ్యి. ఒక్క రాత్రి తక్కువైనా సైకిల్ గడప దాటది."

ఎడ్లు కొనడానికి పోయిన భర్త ఏ ఊళ్లో పడుకున్నాడో, ఏమయ్యాడో పదేళ్లయినా తెలియని మనిషి ఆమె. ఆ మాటకు దశరథం ఎదురు చెప్పలేకపోయాడు.

దారిలో ఊరికొక బడిపంతులుకు కార్డు రాశాడు. ఆరు రాత్రులకు జాగా దొరికింది. ఏడో రాత్రికి ఎవరిని అడగాలో తెలియలేదు.

షాపు నీడలో రోజూ ఒక ముసలాయన వచ్చి కూర్చునేవాడు. పేరు బీరప్ప. పక్క పల్లె. భుజం మీద నల్లగొంగడి, దాని ఒక మూల తెల్లదారంతో కుట్టు. ఒకప్పుడు పెద్ద మంద ఉండేదనీ, అంతా తాగి పోగొట్టుకున్నాడనీ జానయ్య చెప్పాడు.

ఆ రోజు దశరథం పటం పరిచి సముద్రం పక్కన వేలు పెట్టగానే ముసలాయన వంగి చూశాడు.

"గాడ ఆగొద్దు బిడ్డా. నీళ్లు ఉప్పగుంటయి."

మరి ఎక్కడ ఆగాలి అని అడిగాడు దశరథం.

ముసలాయన గుప్పెడు గులకరాళ్లు తెచ్చాడు. కృష్ణా నది ఏ గీతో చూపించమని, ఆ గీత పక్కన రాత్రికొక రాయి పెట్టుకుంటూ పోయాడు. ఇది విధవరాలి ఆముదపు చేను. ఇది పచ్చబాయి గడ్డ. ఏరు సముద్రంలో కలిసే చోట చివరి రాయి పెట్టి, ఇది మూడు తాడిచెట్ల దిబ్బ అన్నాడు.

పటంలో అందులో ఒక్కటీ లేదు. వీళ్లకు నాలుగు రోజుల దారి ఆయన లెక్కలో ఇరవై రెండు రాత్రులయింది. పటం తప్పో ముసలాయన తప్పో దశరథానికి అర్థం కాలేదు.

"ఒక్క ఊరి పేరన్న చెప్పవు. ఏం పోయినవ్ తాతా నువ్వు," అన్నాడు జానయ్య.

"మంద ఊళ్లెకు పోతదా బిడ్డా. చేన్లనే పంటది. ఎరువుకని రైతులు పిలుస్తరు. తెల్లారి ఇన్ని గింజలు పోస్తరు. మల్ల నడుసుడే."

"గన్ని చేన్ల పండిన మంద ఇప్పుడు యాడుంది?"

"తిన్నరు."

జానయ్య కల్లుముంత ఎత్తినట్టు చెయ్యి ఎత్తి, దశరథం వైపు చూసి కన్ను కొట్టాడు. ముసలాయన చివరి రాయిని వేలితో సరిచేశాడు.

చివరి రాయి పక్కన ఒక పాలెం పేరు అచ్చయి ఉంది. వేరే దారి లేక దశరథం ఆ పాలెం పంతులుకు కార్డు రాసి పడేశాడు.

వారం తర్వాత, పాలెం జవాబు ఇంకా రాకముందే, క్యారియర్లకు మూటలు కట్టి సరిచూసుకుంటుంటే బీరప్ప దగ్గరికొచ్చాడు.

"గా మూడు తాడిచెట్ల కాడికి నన్ను గూడ తోల్కపోతరా సారూ? మోకాళ్లు పోయినయి, నడువొస్తలేదు. ఎన్క కూసుంట."

"డేరా దించి నిన్ను ఎక్కిచ్చుకోవాల్నా?" అన్నాడు జానయ్య.

దశరథం పటంలోకి చూస్తూ ఉండిపోయాడు.

ముసలాయన గొంగడి తీసి దశరథం సైకిల్ హ్యాండిల్ మీద వేశాడు. "గిదన్న పట్టుకపోండ్రి. చూసినోళ్లు జాగ ఇస్తరు."

గొర్రె వాసన గుప్పుమంది. జానయ్య ముక్కు మూసుకొని గొంగడిని తిరిగి ఆయన భుజానే వేశాడు.

మర్నాడు ముసలాయన రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

ఐదో రోజు ఆయన కోడలు బక్కమ్మ షాపుకు వచ్చింది. చంకలో మడిచిన గొంగడి.

"మా మామ మొన్న పోయిండు. గిది సైకిల్ సారుకియ్యుమన్నడు."

నాకెందుకని అడిగాడు దశరథం.

"నాకేమెర్క సారూ. తుఫాన్ అచ్చిన ఏడు మందను తోల్కపోయిండు, ఒట్టి చేతులతోని అచ్చిండు. ఏమైందంటే చెప్పకపాయె. ఊరోళ్లు తాగిండన్నా ఊకున్నడు."

ఆమె పోయింది. గొంగడి చేతుల్లో పెట్టుకొని దశరథం అట్లాగే నిలబడ్డాడు. అది ఎక్కడ పెట్టాలో కూడా తోచలేదు.

అంతలో టపా మనిషి వచ్చి అతని చేతిలో ఉత్తరం పెట్టాడు. పాలెం పంతులు రాసింది.

"అయ్యా, కొత్తవారికి చోటివ్వడం మా ఊళ్లో లేదని రాయబోయాను. కార్డు మీద మోత్కూర్ అని చదవగానే మా పెద్దలు లేచి నిలబడ్డారు. మూడు తాటిచెట్ల దిబ్బ మీద మీ ఇష్టమొచ్చినన్ని రాత్రులు డేరా వేసుకోండి. మాకు ఒకటే కోరిక. మూల తెల్లదారం కుట్టిన గొంగడి వేసుకునే బీరప్ప గారు మీ వైపు మనిషే. నడవలేకపోతే చెప్పండి, ఎడ్లబండి కట్టుకొని మేమే వస్తాం. తుఫాను వచ్చిన ఏడాది, ఊరంతా కొట్టుకుపోయి మేం ఆ దిబ్బ మీద తొమ్మిది రోజులు చిక్కుకున్నప్పుడు, తన మందను ఆఖరి గొర్రె దాకా కోసి మా పిల్లలకు పెట్టినది ఆయనే."