ఎలుకలకు మెత్తళ్ళ పులుసు

"ఎలకలకు కూడు తెచ్చినాడంట మేడమ్," అన్నాడు వాచ్‌మన్ క్రీస్తుదాసు, నవ్వాపుకుంటూ.

పరిశోధన కేంద్రం గేటు దగ్గరికి సుభాషిణి వచ్చింది.

బయట ఒక ముసలాయన. భుజాన తువ్వాలు, చేతిలో స్టీలు క్యారేజీ. పేరు కామాక్షయ్య, ఊరు అల్లూరు అవతల పట్టపుపాళెం అని రిజిస్టర్లో ఉంది. చేపలు పట్టే మనిషి.

"ఏముంది తాతా అందులో?"

"అన్నం, మెత్తళ్ళ పులుసమ్మా. సన్న చేపలు, మామిడికాయ వేసి చేసినా. మీ ఎలకలకు రొంత పెట్టి పోతా."

"బయటి తిండి పెడితే నా రెండేళ్ళ పని గంగలో కలుస్తుంది."

"పోనీ, దూరం నుంచి చూడనీండి."

"ఎందుకు?"

ముసలాయన క్యారేజీ చెయ్యి మార్చుకున్నాడు.

"చెప్పకూడదమ్మా. మాటిచ్చినా."

ఇలాంటి వాళ్ళు నాకే ఎందుకు తగులుతారో అనుకుంటూ ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

లోపల ఆమెకు బోలెడు పని. అల్జీమర్స్ అంటారే, ఆ మతిమరుపు జబ్బుతో పోయిన మనిషి మెదడు నుంచి చుక్కంత తీసి, ఎలుక మెదడులో ఒక మూల పెడతారు. గోడకు చవుడెక్కినట్టు, జబ్బు ఆ మూల నుంచి ఎటు పాకుతుందో చూస్తారు. మొత్తం పదకొండు నమూనాలు. పదింటితో ఏమీ తేలలేదు. ఏడో నంబరు ఒక్కటే పట్టుకుంది. దాన్ని ఎక్కించిన ఎలుకలు నిన్నటిదాకా తెలిసిన దోవ మర్చిపోతున్నాయి. సుభాషిణి డాక్టరేటంతా ఆ ఏడో నంబరు మీదే నిలబడి ఉంది.

నెల తిరిగింది. మళ్ళీ అమావాస్య. మళ్ళీ క్యారేజీ.

"వేటకు పోని రోజు గదా, పొద్దుపోక వస్తా ఉండాడు," అన్నాడు క్రీస్తుదాసు.

ఈసారి కామాక్షయ్య ఇంకోటి అడిగాడు.

"అవి దోవ మర్చిపోతా ఉండాయామ్మా?"

"మర్చిపోతున్నాయి. మాకు కావలసిందీ అదే."

ఆయన ముఖం వాడిపోయింది.

"మర్చిపోతే కసురుకోబాకండి. కసిరితే ఇంకా బెదురుకుంటాయి."

సుభాషిణికి నవ్వొచ్చింది. ఎలాగో వదిలించుకోవాలి కాబట్టి, "సరేలే, వచ్చే నెల చూపిస్తా," అంది.

ఆ మాట లోపలికి వెళ్ళేలోగానే మర్చిపోయింది.

తర్వాతి అమావాస్యకు ఆయన ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చాడు.

"ఎలుకలు లేవు తాతా. మెదళ్ళు కోసి చూడాలి కదా. చంపేశాం."

"అన్నీనా?"

"అన్నీ."

"ఎప్పుడు?"

"గురువారం."

"మిగిలింది ఏం చేసినారు?"

"కాల్చేశాం. ఇక్కడ రూలంతే."

ముసలాయన క్యారేజీ గోడవార పెట్టాడు. గేటు పక్క కుళాయి దగ్గర కూర్చుని, ఆ తెల్లచొక్కాతోనే తల మీద నీళ్ళు గుమ్మరించుకున్నాడు. తడి బట్టలతోనే నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

"ముదిరింది," అన్నాడు క్రీస్తుదాసు. క్యారేజీలో అన్నం కుక్కకు పెట్టాడు.

ఆ తర్వాత కామాక్షయ్య రాలేదు. రాలేదని ఎవరికీ తోచనూ లేదు.

ఆరు నెలలకు సుభాషిణి థీసిస్ తయారైంది. కేంద్రం పెద్ద డాక్టర్ రోజారమణి దాన్ని తిరగేసి, కళ్ళజోడు తీసింది.

"కృతజ్ఞతల పేజీలో నన్ను పొగిడావు, మీ ఆయన్ను పొగిడావు. ఏడో నంబరు ఇచ్చినాయన ఏడీ?"

"దాతలెవరో మాకు తెలియనివ్వరు కదా మేడమ్?"

"పేరు రాయకూడదు. తలుచుకోవడానికేం?" రోజారమణి బీరువాలోంచి ఒక ఫైలు తీసింది. "అది ఆయన భార్యది. ఎనిమిదేళ్ళు ఆమె ఇల్లు మర్చిపోయి ఇసకలో ఎటో నడిచిపోతుంటే, వెతికి వెతికి తెచ్చుకున్నాడు. పోయినప్పుడు ఊరంతా అడ్డం పడినా వినకుండా, పాడె కట్టకముందే ఇక్కడికి తీసుకొచ్చాడు. ఎవరిదో ఎవరికీ చెప్పొద్దన్నాను. చెప్పనని చేతిలో చెయ్యేశాడు."

సుభాషిణి కళ్ళు చెమర్చాయి.

"ఆయన్ను ఒకసారి చూడాలి మేడమ్. కాళ్ళకు దణ్ణం పెట్టాలి."

"పోయిన నెలలోనే పోయాడట. కబురొచ్చింది." రోజారమణి తల దించుకుంది. "ఒకే ఒక్కటి అడిగాడు. సరేనని రాసుకున్నాను. మీకు చెప్పడమే మర్చిపోయాను."

సుభాషిణి కాగితం అందుకుంది.

అడుగున ఒక వేలిముద్ర, దాని పక్కన ఆయన చెప్తుంటే రాసుకున్న రెండు ముక్కలు: "కామాక్షయ్య, పట్టపుపాళెం. అమావాస్యనాడు మా ఆదిశేషమ్మకు రొంత అన్నం పెట్టుకోనియ్యాల."