తేనెటీగ నాలుక

ఒక్క నొక్కు నొక్కి, ఆవిడ పురుగుల మందు డబ్బాను మళ్ళీ బోర్లించిన పూలకుండీ కింద దాచేసింది.

పసుపు పువ్వులో తేనెటీగ రెండుసార్లు గిలగిల్లాడి ఆగిపోయింది. ఈ పాపం నాకే రానీ స్వామీ, ఆయనకు అంటనీకు అని దణ్ణం పెట్టుకుంది.

లోపల ఆయన రెండుసార్లు దగ్గాడు. రోజూ అంతే. దగ్గి గానీ పెరట్లోకి రాడు.

"ఏమే, లేచారా మన చుట్టాలు?" అంటూ కెమెరా స్టాండుతో వచ్చాడు.

"పసుపు పువ్వులో ఒకటుందండీ. నిద్రపోతున్నట్టుంది."

"నిద్రే. చలికి పొద్దున్నే లేవలేవు పాపం. పక్కకి జరుగు, నీ నీడ పడుతోంది."

ముప్ఫై ఏళ్ళు వాచీలు బాగుచేసిన మనిషి. కంటికి భూతద్దం బిగించి, నువ్వుగింజంత మరల్ని ఊపిరి బిగబట్టి అమర్చేవాడు. చేతులు వణకడం మొదలయ్యాక కొట్టు మూసేశాడు. మూడు నెలలు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆ ఇంట్లో ఉన్నదే ఇద్దరు. అందులో ఒకరు మాట్లాడటం మానేస్తే ఇల్లెలా ఉంటుందో ఆవిడకు తెలుసు.

ఆ కెమెరా వచ్చాకే ఆయన మళ్ళీ మనిషయ్యాడు. ఈగ కన్ను, చీమ మీసం, వేలిగోరంత సాలీడు మొహం. "ఎనిమిది కళ్ళే దానికి! నీకు రెండున్నాయి, ఎదురుగా ఉన్న ఉప్పు డబ్బా కనపడదు" అని ఎగతాళి చేస్తుంటే ఆవిడ ప్రాణం లేచివచ్చింది.

అదీ ఎన్నాళ్ళో నిలవలేదు. వణికే వేళ్ళతో ఫోకస్ చక్రం తిప్పేలోగా పురుగు ఎగిరిపోయేది. ఒకరోజు కెమెరాను గడ్డిలో పడేసి వంటింటి గుమ్మం దగ్గరకు వచ్చాడు.

"ఒక్క నిమిషం కదలకుండా ఉంటే చాలు. ఇంకేం అడగను" అన్నాడు. ఆవిడ వినలేదేమోనని ఇంకోసారి అన్నాడు.

మర్నాడే మందు డబ్బా కొనుక్కొచ్చింది. "బొద్దింకలకా అమ్మా?" అని కొట్టువాడు అడిగితే తలూపింది. చీమలకు చక్కెర చల్లే చెయ్యి అది. మళ్ళీ ఆ కొట్టు గడప తొక్కలేదు, ఇంకో డబ్బా కొననూ లేదు. ఎనిమిది నెలలుగా రోజుకు ఒక్క నొక్కు. ఆయన లోపలికి వెళ్ళాక ఆ పురుగును మట్టిలో కప్పి దణ్ణం పెట్టుకునేది. డబ్బా మాత్రం చేతికి ఎప్పుడూ బరువుగానే తగిలేది. పాపం కదా, తరగదు అనుకునేది.

ఆదివారం టౌన్‌హాల్లో ప్రదర్శన. ఫొటోల సంఘం తరఫున ఆయనవి పన్నెండు ఫొటోలు ఎంపికయ్యాయి. గురువారం సాయంత్రం సంఘం కార్యదర్శిగా ఉన్న పళ్ళ డాక్టరు ఇంటికి వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. సంచీలోంచి తేనెటీగ ఫొటో తీశాడు.

"నిద్రపోయే తేనెటీగ దవడలు బిగించి ఉంటుంది గురువుగారూ. దీని నాలుక బయటికి వేలాడుతోంది. నోళ్ళు చూసి బతికేవాణ్ణి, నా కన్ను దానిమీదే పడింది. మందు తగిలి చచ్చినవే ఇలా ఉంటాయి. తక్కినవీ చూశాను. పన్నెండింటిలో తొమ్మిది శవాలే."

"నన్నా అంటున్నారు? పురుగులు కదలకుండా ఫ్రిజ్‌లో పెట్టి ఫొటో తీసేవాళ్ళను సంఘంలోంచి వెళ్ళగొట్టించింది ఎవరు? ప్రాణం తీసి తీసిన ఫొటో ఫొటో కాదని నియమం రాసింది ఎవరు?"

"మీరే. అందుకే ముందు మీ దగ్గరకు వచ్చాను. రేపు సంఘంలో పెడితే మీ పేరు కొట్టేస్తారు."

మళ్ళీ ఆ గోడ, ఆ కుర్చీ ఆవిడ కళ్ళముందు మెదిలాయి.

"ఆయనకేం తెలీదు డాక్టరుగారూ" అంది గుమ్మంలోంచి. "నేనే కొట్టాను. రోజూ, ఆయన లేవకముందే."

ఆయన ఆవిడకేసి ఒకసారి చూశాడు. తర్వాత డాక్టరు వైపు తిరిగాడు.

"విన్నారుగా? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేనెంత?"

కాగితం, కలం ఆయనే తెచ్చిచ్చాడు. ఇది పూర్తిగా నా పని, నా భర్తకు తెలియదు అని రాసి సంతకం చేసింది. డాక్టరుకు చెయ్యి రాలేదు గానీ తీసుకున్నాడు. తొమ్మిది ఫొటోలు పోతాయి, మూడు ఉంటాయి, గురువుగారి పేరుకు మచ్చ రాదు అని చెప్పి వెళ్ళిపోయాడు.

"ఎనిమిది నెలలు నా కళ్ళు కప్పావు" అన్నాడాయన.

"మీకోసమేనండీ."

"నాకోసం! ఆదివారం నువ్వు రాకు. అందరూ చూస్తారు."

ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒక్కడే వెళ్ళాడు.

ఆవిడ పెరట్లోకి వెళ్ళి కుండీ ఎత్తింది. డబ్బా ఎక్కడ పారేయాలో తెలియలేదు. మట్టిలో పాతితే చీమలు చస్తాయి, చెత్తలో వేస్తే ఏ పిల్లి నాకుతుందో. దానిమీదే ఏదో రాసి ఉంటుంది గానీ అక్షరాలు మరీ చిన్నవి. ఆయన బల్ల సొరుగులోంచి వాచీల భూతద్దం తెచ్చుకుని కంటికి ఆనించింది. పారేసే పద్ధతి దొరకలేదు. డబ్బా తిప్పి అడుగున చూసింది.

తయారైన తేదీ, పోయిన నెల పదో తారీఖు.