కాగితం కింద నుంగరాయి

మ్యూజియం ఫొటోల గదిలో ఆ సాయంత్రం లోరెటా ఒక్కతే ఉంది. అన్న కెల్విన్ ఊరినుంచి ఫోన్ చేశాడు.

"నుంగరాయి అత్త పోయిందే. అక్కడ ఫొటోలో ఆమె ముఖం మూసెయ్."

నుంగరాయి అన్నది వాళ్ళ ఆదివాసీ తెగలో పుట్టుకతో వచ్చే వరుస పేరు. ఆ వరుసలో అత్తలు ఇద్దరు. పోయినవారి సొంత పేరు పలకకూడదు కనుక ఏ అత్తో అతడు చెప్పలేదు, ఆమె అడగలేదు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని బొమ్మ వేస్తున్న ఫొటో ఉంది. అందులో, ఏడాదిగా జబ్బుతో తీసుకుంటున్న పెద్దత్తే పోయిందనుకుని, ఆమె ముఖం మీద లోరెటా కాగితం ముక్క అంటించింది. పోయినవారి ముఖం ఫొటోల్లో కనబడకూడదన్న ఇటువంటి ఆచారాలు ఆమె నమ్మదు. పెద్దల మాట కాదనలేక పాటిస్తుంది.

చీకటి పడ్డాక మళ్ళీ ఫోన్. పెద్దత్త గొంతు.

"ఒసే, ఇంకా అక్కడే ఉన్నావా? మొగుణ్ణి వెతుక్కోవే అంటే ఫొటోలతో కాపరం పెట్టావు! సరేగానీ, నెగడు ముందే కూర్చున్నా. సెగ తగులుతోంది, మంట కనబడట్లేదే."

పోయింది చిన్నత్త అని లోరెటాకు అప్పుడు అర్థమైంది.

"ముసలి కళ్ళు కదత్తా," అంది, నవ్వు తెచ్చుకుంటూ.

ఫోన్ చెవికి ఆనించుకునే, గోటితో కాగితం అంచు లేపింది. జిగురు బిగిసిపోయింది. కాగితంతోపాటు ఫొటో పొర కూడా ఊడి, నుదురు ఉండవలసిన చోట తెల్లని మచ్చ బయటపడింది.

అవతల అత్త కెవ్వుమంది.

"మెల్లగా లాగవే, తల్లీ!"

తాను ఏం చేస్తున్నదీ లోరెటా ఆమెకు చెప్పలేదు.