జత పాము

గోడమీద రాతి పాము తామరపువ్వులోంచి బయటికి సాగుతోంది. దాని కింద, నేలమీద, ఇంకో పాము ఉంది.

దాన్ని ఎవరూ చెక్కలేదు.

షాజలీ చేతిలో చీపురు ఆగిపోయింది.

హాథోర్ అమ్మవారి పురాతన గుడి కింద ఆ నేలమాళిగ మనిషి రెండు చేతులూ చాపలేనంత ఇరుకు. మెట్లు ఆ కొసన. షాజలీ ఈ కొసన. నడుమ నాగుపాము.

అది లేచి పడగ విప్పింది.

"ఏమోయ్ షాజలీ," పైన కంతలోంచి గిర్గిస్ కేకేశాడు. గుమ్మం దగ్గర టికెట్లు చింపేది అతనే. "ఊడుస్తున్నావా, అమ్మవారితో కాపురం పెట్టావా? గుడి చూసేవాళ్ల బస్సు వచ్చేసింది."

"పాము," అన్నాడు షాజలీ, పెదవులు కదిలీ కదలకుండా.

"గోడమీదవా? అవి నిన్నేం చేస్తాయిరా?"

"గిర్గిస్. పాము."

పైన నవ్వు ఆగింది.

"కదలకు. పాములు పట్టే హిజాజీని పిలుచుకొస్తా."

షాజలీ కళ్లు మూసుకున్నాడు. మూసుకున్నందుకే భయమేసి తెరిచాడు.

పోయిన శుక్రవారం నమాజు అయ్యాక, కాఫీ కొట్టు బల్లమీద కూర్చుని ఊరందరి ముందూ తనే అన్నాడు. "హిజాజీ పట్టే పాము అతని జుబ్బా చేతిలోనే వస్తుంది, అందులోనే ఇంటికి పోతుంది. పోనీలే, దానికీ నడక తప్పింది."

ఊరు విరగబడి నవ్వింది. ఆ తర్వాత పాముల షేక్‌ని ఏ గడపా పిలవలేదు.

చెమట కనురెప్ప మీదికి జారింది. తుడుచుకోవడానికి లేదు. కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. పడగ అటూ ఇటూ ఊగుతోంది, తీరిగ్గా.

పైన అడుగుల చప్పుడు.

"లోపల ఎవరు?" హిజాజీ గొంతు.

"నేను."

హిజాజీ కంతమీదికి వంగాడు.

"పాము ఉందా? లేక నేనే తెచ్చుకోవాలా?"

పైన ఎవరో కిసుక్కుమన్నారు.

"ఉంది షేక్," అన్నాడు షాజలీ.

మెట్లమీద ముందు చెప్పుల్లేని పాదాలు కనబడ్డాయి. తర్వాత జుబ్బా అంచు, కర్ర. చివరికి పాములు పట్టే రిఫాయీ ఫకీర్ల నల్ల తలపాగా. తాతల నాటి ఆన చదువుతూ దిగాడు హిజాజీ. పీరుగారి మీద ఆన, ఉన్నచోటు విడిచి రా, కాటు మాని రా.

పాము అతని వైపు తిరగనైనా లేదు.

మళ్లీ చదివాడు. ఈసారి గొంతు జీరబోయింది.

పడగ మీదుగా ఇద్దరి చూపులూ కలిశాయి. హిజాజీ ఎడమ జుబ్బా చెయ్యి మణికట్టు దగ్గర ముడివేసి ఉంది. లోపల ఏదో మెల్లగా మెలి తిరిగింది.

"షాజలీ," పైకి వినబడకుండా అన్నాడు. "నువ్వన్నది నిజమే. కోరలున్నదాన్ని నేనెప్పుడూ పట్టలేదు."

"మరెందుకు దిగావు?"

"పిలిచావుగా."

పైనుంచి గుడి ఇన్‌స్పెక్టరమ్మ అడిగింది. "ఏమయింది షేక్? వచ్చినవాళ్లు ఎండలో నిలబడ్డారు."



హిజాజీ కర్రను మెట్టుకు ఆనించాడు. తలపాగా విప్పడం మొదలుపెట్టాడు. మూరలకు మూరలు నల్లగుడ్డ.

"గుడ్డ పడగానే గోడ పట్టుకుని వచ్చెయ్. కిందికి చూడకు."

"దానిమీద పడకపోతే?"

"మా ఆవిడకి నువ్వే చెప్పాలి, కరిచింది జుబ్బా చేతిలోది కాదని."

గుడ్డ ఎగిరింది.

దాని కింద బుస్సుమంటూ ఏదో ఎగిరెగిరి పడుతోంది. షాజలీ పరిగెత్తాడు. గోడమీద చెక్కిన రాతి దేవత మోకాళ్లు భుజాన్ని గీరేశాయి. తడబడి పడబోతుంటే హిజాజీ చెయ్యి అతని మెడ దగ్గర జుబ్బాను పట్టి మెట్లమీదికి లాగింది.

వెనక్కి చూసేసరికి గుడ్డ కిందినుంచి తోక జారి, గోడ మొదట్లో రాళ్ల సందులోకి పోయింది.

గుడ్డ అక్కడే పడి ఉంది. దానికోసం ఇద్దరిలో ఎవరూ కదల్లేదు.

"దొరికిందా?" గిర్గిస్ అరిచాడు.

హిజాజీ తల దించుకున్నాడు. పలచటి తెల్లజుట్టు, చెమటతో మెరిసే మాడు. ఊళ్లో ఎవరూ ఆ తలను చూసి ఉండరు.

షాజలీ జుబ్బా ముడి వైపు చూశాడు.

"తియ్యి," అన్నాడు.

హిజాజీ తెల్లబోయాడు.

"తియ్యి షేక్. పైన జనం చూస్తున్నారు."

పాము మణికట్టుకు చుట్టుకుని వెలుగులోకి రాగానే, వచ్చినవాళ్లు రెండడుగులు వెనక్కి వేసి ఫోన్లు పైకెత్తారు. ఇన్‌స్పెక్టరమ్మ ఊపిరి పీల్చుకుంది.

"ఇక వీళ్లను దింపొచ్చా?"

షాజలీ కంతకు అడ్డంగా నిలబడ్డాడు.

"షేక్," పదిమందికీ వినబడేలా అన్నాడు, "పాము ఒంటిగా ఉండదంటారు. దీనికి జత..."

హిజాజీ అతని కళ్లలోకి చూశాడు.

"ఉంది," అన్నాడు. "కోరలున్నది. గోడ మొదట్లో సందులో ఉంది. ఆ సందు పూడ్చేదాకా కింద ఎవరినీ కాలు పెట్టనివ్వకండి."

అతని గొంతు ఈసారి జీరబోలేదు.

ఇన్‌స్పెక్టరమ్మ జనాన్ని మేడమెట్ల వైపు మళ్లించింది. షాజలీ చెక్కమూత దించి, గడియ వేసి, దానిమీదే చతికిలబడ్డాడు. హిజాజీ పాముని మళ్లీ జుబ్బా చేతిలోకి దోపుకుని పక్కన కూర్చున్నాడు.

గిర్గిస్ టీ గ్లాసులు తెచ్చాడు. ఒకటి అందించబోతూ ఆగాడు.

"అదేంటి షేక్, తలపాగా ఏదీ?"

హిజాజీ చెయ్యి తలదాకా వెళ్లి ఆగిపోయింది.

"నాకిచ్చాడు. నా దగ్గరుంది," అన్నాడు షాజలీ. తన తలపాగా విప్పి, హిజాజీ తలకు చుట్టసాగాడు.

తెల్లటి గుడ్డ.

గిర్గిస్ గడియ వేసిన మూత వైపు ఓసారి చూసి, చాలాసేపు టీలో చక్కెర కలుపుతూ ఉండిపోయాడు.