ఇరవై పేజీల్లో లేని కర్ర

"మూడో ఫిర్యాదు వచ్చిందంటే ఇక ఇంటికే" అని మేనేజరు పొద్దున్నే చెప్పేశాడు.

మొదటి రెండు ఫిర్యాదుల సారాంశం ఒకటే. గైడమ్మ ఉన్నవీ లేనివీ కల్పించి చెబుతోందని. నూట యాభై ఏళ్ళ కిందట ఓ ఓడల వ్యాపారి కట్టించిన ఆ మేడ గురించి మ్యూజియం వాళ్ళు ఇరవై పేజీలు రాసిచ్చారు. అవి అప్పజెబితే చాలు. కానీ ఆవిడ నోరు ఊరుకోదు. భోజనాల బల్ల దగ్గరికి రాగానే వ్యాపారిగారి భార్య అలక మొదలయ్యేది. గోడగడియారం ఆగిపోవడానికి ఒక్కో రోజు ఒక్కో కారణం పుట్టేది.

ఇంట్లో అత్తగారు వసపిట్ట అని దెప్పే ఆ నోటికే ఇక్కడ నెలనెలా జీతం ఇస్తున్నారు. ముప్పై ఎనిమిదేళ్ళకు దొరికిన మొదటి ఉద్యోగం. పోతే మళ్ళీ ఆ వంటిల్లూ ఆ దెప్పుళ్ళూ. అది తలుచుకుంటేనే ఆవిడకు ఏడుపొస్తుంది. అందుకే ఇవాళ ఇరవై పేజీలు దాటి ఒక్క ముక్క మాట్లాడకూడదని గట్టిగా అనుకుని వచ్చింది.

పదకొండు గంటల బ్యాచీ లోపలికి వస్తుంటే టికెట్లిచ్చేవాడు పరుగున వచ్చి చెవిలో ఊదాడు.

"అక్కా, ఆ నీలం చొక్కా పెద్దాయన్ని చూశావా? వస్తూనే, ఫిర్యాదు చెయ్యాలంటే ఎవరికి చెప్పాలని అడిగాడు. ఇంకా లోపల అడుగైనా పెట్టలేదు!"

"నువ్వేమన్నావ్?"

"చివర్లో పుస్తకం ఉంటుంది, రాయండి అన్నాను. పైఆఫీసు నుంచి చెప్పకుండా ఎవరో తనిఖీకి వస్తారన్నారుగా. ఈయనే అయ్యుంటాడు."

గైడమ్మ తిరిగి పెద్దాయన వైపు చూసింది.

అవుననే అనిపించింది. పెద్దాయన 'ముట్టుకోరాదు' అన్న బోర్డు పక్కనే గోడ మీద చెయ్యి వేశాడు. తలుపు చెక్క తడిమాడు. పియానో అంచు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. దుమ్ము ఉందేమోనని చూస్తున్నాడు కాబోలు. మెట్ల దగ్గర రెయిలింగు మీంచి చెయ్యి తియ్యలేదు. ఒక్కో మెట్టు దగ్గరా ఆగి, కిందికి చూసి మరీ ఎక్కాడు. చెదలు పట్టాయేమోనని పరీక్ష! ముట్టుకోవద్దని చెప్పే ధైర్యం ఆవిడకు లేకపోయింది. ఇరవై పేజీలూ పొల్లుపోకుండా అప్పజెబుతూ నడిచింది. వింటున్నవాళ్ళు ఆవలించారు.

పైన వ్యాపారిగారి పడగ్గది. చుట్టూ తాడు కట్టిన పడకకుర్చీ. దానికి ఆనించి ఓ నల్లటి చేతికర్ర. పెద్దాయన అక్కడ ఆగిపోయాడు.

"ఈ కర్ర ఎవరిదమ్మా?"

గైడమ్మ తెల్లబోయింది. ఇరవై పేజీల్లో కర్ర లేదు. పిల్లాడికి జ్వరమని వారం సెలవు పెట్టి ఆవిడ ఇవాళే వచ్చింది. తనిఖీ కోసం ఈలోగా స్టోరుగది సామానంతా పైకి తెచ్చి సర్దారట. అందులోదే అయ్యుంటుంది. తెలీదంటే తనిఖీ ఆయన ముందు పరువు పోతుంది. కల్పిస్తే ఉద్యోగం పోతుంది. ఆవిడ ఇంకా తేల్చుకోలేదు, నోరు తేల్చేసుకుంది.

"వ్యాపారిగారిదే సార్. కింద ఆ గాట్లు చూశారా? చిరుతపులి పంటిగాట్లు!"

"చిరుతా?"

"చిరుతే సార్. సాయంత్రం ఒంటరిగా నడిచొస్తుంటే మీదికి దూకింది. ఆయన ఈ కర్రని దాని నోట్లో అడ్డంగా పెట్టి గంటసేపు పెనుగులాడారు."

ఆవలింతలు ఆగిపోయాయి. ఫోన్లు పైకి లేచాయి.

"ఎంత ఉంటుందమ్మా ఆ చిరుత?" అన్నాడు పెద్దాయన.

"దూడంత సార్! ఇంటికొచ్చాక ఆయన భార్య ఈ కర్రని కళ్ళకద్దుకుని, 'నా మొగుణ్ణి నాకు తెచ్చిచ్చావు, ఇక నువ్వు ఈ ఇల్లు దాటకూడదు' అందట. అప్పట్నుంచీ ఇక్కడే ఉంది."

పెద్దాయన జేబురుమాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. భుజాలు అదురుతున్నాయి. పాపం, కదిలిపోయాడు అనుకుంది గైడమ్మ.

అప్పుడు చూసింది, గుమ్మంలో మేనేజరు. ఆవిడ పైప్రాణాలు పైనే పోయాయి.

కానీ మేనేజరు చూపు పెద్దాయన తడి కళ్ళ మీద ఉంది. తనిఖీ మాట అతని చెవినా పడ్డట్టుంది. గబగబా వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"ఈ కర్రని ఆర్నెల్లు పరిశోధించి నేనే వెలికి తీశాను సార్. రేపే అద్దాల పెట్టె చేయిస్తున్నాం."

"అయితే ఇది ఇక్కణ్ణుంచి కదలదన్నమాట" అన్నాడు పెద్దాయన.

"మా ప్రాణం పోయినా కదలనివ్వం సార్!"

పెద్దాయన గోడ పట్టుకుని మెల్లగా కిందికి దిగాడు. ఫిర్యాదుల పుస్తకం తెరిచి ఏదో రాసి, మూసేసి, గైడమ్మ వైపు చూసి నవ్వి వెళ్ళిపోయాడు.

మేనేజరు సిబ్బందినంతా పిలిచాడు.

"గట్టిగా చదువమ్మా, అందరూ వినాలి."

గైడమ్మ పుస్తకం తెరిచి చదివింది:

"ఫిర్యాదేమీ లేదు; పోయిన ఆదివారం ఇక్కడ మరచిపోయిన నా చేతికర్ర కోసం వచ్చాను గానీ, మా కుక్కపిల్లకి పళ్ళు మొలిచేటప్పుడు పడ్డ ఆ గాట్ల కథ విన్నాక, దాన్ని ఇల్లు దాటించడానికి మనసొప్పలేదు."