పిడి కొలత

“పదును అక్కర్లేదు నాన్నా. తగిలితే తెలిస్తే చాలు,” అంటూ ఆమె నోట్‌బుక్ తెరిచి బల్ల మీద పెట్టింది.

తండ్రి కళ్ళజోడు సర్దుకున్నాడు. పేజీ నిండా కత్తి బొమ్మ. అలుగు పొడవు, అడ్డుపట్టీ వెడల్పు, పిడి చుట్టుకొలత, చివరి గుండు బరువు. అన్నీ ఎర్ర సిరాతో రాసి ఉన్నాయి.

“సుత్తి పక్కన పెట్టి ఏడాది కావస్తోంది తల్లీ.”

“అందుకే ముందే వచ్చాను. పోటీకి ఇంకా మూడు నెలలుంది.”

అతనిది లారీల మరమ్మతు షెడ్డు. కత్తులు సరదాకి చేసేవాడు. పాత కమాను పట్టీలను కాల్చి, సాగదీసి, అంచులు మొద్దుగా, నున్నగా తీర్చేవాడు. కత్తిసాము క్లబ్బు వాళ్ళంతా ముఖాలకి జాలీ ముసుగులు తొడుక్కుని ఆ కత్తులతోనే ఆడేవాళ్ళు.

నిరుటి పోటీతో అదంతా ఆగిపోయింది.

ఆ రోజు చివరి ఆటలో ఆమె బావని, అంటే అక్క మొగుడిని, మూడు దెబ్బలతో ఓడించింది. బావ ఎప్పుడూ పైనుంచి బాదుతాడు. ఆమె పక్కకి జరిగి ముంజేతి మీద తాకించింది. మూడుసార్లూ అంతే. గెలిచినవాళ్ళ బోర్డు మీద పెయింటరు ఆమె పేరు రాయడం మొదలుపెట్టాడు కూడా. అప్పుడు బావ తన కత్తిని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.

“పిడి కదులుతోందండీ. మావయ్య పనితనానికి బలైపోయాను. లేకపోతే నోట్లో నాలుక లేని ఈ పిల్ల చేతిలో నేను ఓడిపోవడమేమిటి?”

జనం గొల్లున నవ్వారు. క్లబ్బు పెద్దలు తలలు దగ్గరకు చేర్చి గుసగుసలాడుకుని, ఆట చెల్లదన్నారు. ఆమె నోరు తెరిచేలోపే పెయింటరు కుంచె కడిగేశాడు. బోర్డు మీద ఆమె పేరులో మొదటి అక్షరం ఒక్కటే మిగిలింది.

బావ విసిరేసిన ఆ కత్తిని తండ్రి ఇంటికి తెచ్చి వైసు దవడల మధ్య బిగించి గుంజాడు. పిడి వెంట్రుకవాసి కదల్లేదు. ఆ సంగతి అతన్ని అడిగినవాళ్ళు లేరు. కత్తులు కావాలని వచ్చినవాళ్ళూ లేరు. సుత్తి మేకుకి ఎక్కింది.

ఇప్పుడు దాన్ని దించాడు.

“పిడి ఇంత లావా?” అన్నాడు, నోట్‌బుక్‌లోకి వంగి. “నీ చేతి కొలత నాకు తెలియనిదా?”

“తొడుగు వేసుకుంటే మరి?”

“సరే. బరువేమిటి ఇంత ముందుకి తోశావు? కత్తిని వేలి మీద అడ్డంగా తూకం పెడితే అడ్డుపట్టీకి నాలుగు వేళ్ళ దూరంలో ఆగాలి. నువ్వు ఆరు రాశావు. పైకెత్తి వేస్తే పిడుగులా పడుతుంది. ఆ బరువు నీ మణికట్టుకి ఆగుతుందా?”

“ఆపుతాను.”

తండ్రి కూతురి ముఖంలోకి చూసి, లేచి కొలిమి రాజేశాడు.

ఆ వారమే ఆమె, అంతకుముందే అక్కచేత తీయించిన కొలతతో బావకి తోలు చేతి తొడుగులు కుట్టి ఇచ్చింది. అక్క మురిసిపోయింది.

“కోపం పోయిందన్నమాట. నేను చెప్పలేదూ, దాని మనసు వెన్న.”

బావ తొడుగులు వేసుకుని గుప్పిట మూసి తెరిచాడు. “అతికినట్టున్నాయే. నా చెయ్యి నీకు ఇంత బాగా గుర్తుందా మరదలా?”

“మరిచిపోతానా బావా,” అంది నేల చూపులు చూస్తూ.

మూడు నెలలూ షెడ్డు వెనక ఆమె సాధన ఆగలేదు. పట్టింది మాత్రం నిరుడు బావ విసిరేసిన పాత కత్తినే. గోడకి లారీ టైరు వేలాడదీసి, కొట్టి కొట్టి దాని రబ్బరు లేపేసింది.

కొత్త కత్తి తయారైంది. తండ్రి చేసినవాటిలోకెల్లా అదే అందమైనది. వెలుతురు దాని మీద నీళ్ళలా జారింది.

“ఒక్కసారి పట్టుకుని తిప్పు. చెయ్యి అలవాటు పడాలి కదా.”

ఆమె తిప్పలేదు. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. చప్పుడు లేదు. “చాలు నాన్నా,” అని గుడ్డలో చుట్టేసింది.

పోటీ రోజు హాలు నిండిపోయింది. తండ్రి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రానన్నాడు. చివరి ఆటకి మళ్ళీ వాళ్ళిద్దరే మిగిలారు. బావ బజారులో కొన్న కత్తి తెచ్చుకున్నాడు. అప్పుడే మణికట్టు రుద్దుకుంటున్నాడు.

“ఈ కత్తీ కాస్త తేడాగానే ఉందండోయ్. ముందే చెబుతున్నా,” అన్నాడు పెద్దలతో. కొందరు నవ్వారు.

ఆమె పాత కత్తిని చంకలో ఇరికించుకుని, గుడ్డ మూటతో పెద్దల బల్ల ముందుకి వచ్చింది. ముడి విప్పింది. గుమ్మం దగ్గర తండ్రి మెడ చాచి చూశాడు. బోర్డు మీద ఆ ఒక్క అక్షరం ఇంకా అలాగే ఉంది.

ఆమె కొత్త కత్తిని రెండు చేతులా ఎత్తి పట్టుకుని, చివరి వరుసకి కూడా వినపడేలా గొంతు పెంచింది.

“మీ చేతి కొలతకే చేయించాను బావా, పట్టుకుని చూడండి, పిడి కదిలితే ఆట మొదలవకముందే చెప్పండి.”